వెలిగిన బల్బు చెప్పని లెక్క

రాగి వైండింగ్ తీగను గుండ్రంగా కొన్ని చుట్లు చుట్టి, మధ్యలో ఒక కొస బయటికి లాగి, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక బ్యాటరీ కలిపితే చాలు. పక్కన పెట్టిన మరో చుట్టకు కట్టిన ఎల్ఈడీ ఏ తీగా తగలకుండానే వెలుగుతుంది. పాఠశాలల సైన్స్ ఫెయిర్లలో తరచూ కనిపించే ప్రయోగమిది. చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు, ఆ ఆశ్చర్యం న్యాయమైనదే. పక్కనే చార్టు మీద ‘రేపటి ఇళ్లలో తీగలే ఉండవు’ అన్న మాట కూడా ఉంటుంది. ఆ మాట మాత్రం ప్రయోగం నుంచి పుట్టింది కాదు. ఎర్ర ఎల్ఈడీ కంటికి కనిపించేలా వెలగడానికి ఒక మిల్లీ ఆంపియర్ సరిపోతుంది. అంటే సుమారు 2 మిల్లీవాట్లు. అదే సమయంలో బ్యాటరీ వైపు 5 వోల్టుల దగ్గర 300 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయనుకుంటే ఖర్చు 1.5 వాట్లు, అందినదానికి 750 రెట్లు. దీపం వెలిగింది కనుక కరెంటు చేరిందన్నది నిజం. ఎంత బయల్దేరితే ఎంత చేరిందో ఆ దీపం చెప్పదు. తీగ లేకుండా కరెంటు పంపే విషయంలో గత నూరేళ్లుగా పుట్టిన ఆశల్లో, అపోహల్లో చాలా భాగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే. దూరాన్ని చుట్ట వెడల్పుతో పోల్చి చూస్తే, నష్టాన్ని నిజాయితీగా కొలిస్తే, ఈ విద్యకు తగిన చోటు ఏదో స్పష్టంగా తెలుస్తుంది. తీగను ఓడించడం దాని పని కాదు. తీగ పోలేని చోటికి, తీగ ఉంటే ప్రమాదమైన చోటికి శక్తిని చేర్చడమే దాని అసలు పని.

మొదటి సాక్ష్యం 1831 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు పక్కలా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానికి బ్యాటరీ కలిపిన క్షణంలోనూ, తీసేసిన క్షణంలోనూ రెండో చుట్ట వైపున్న అయస్కాంత సూచి కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ అది కదల్లేదు. శక్తిని దాటించేది అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పేనని దానితో తేలింది. అదే కాలంలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ విడిగా ఇదే విషయాన్ని పట్టుకున్నాడు. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అన్న ముగ్గురు ఇంజనీర్లు ఈ సూత్రంతో వాడుకకు పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ తయారుచేశారు. మన ఊరి స్తంభం మీద 11 వేల వోల్టుల లైనుకు, ఇంటి సర్వీసు వైరుకు నడుమ ఉన్నది అదే. దాని లోపల ఆ రెండు తీగలూ ఎక్కడా కలవవు. అంటే మన ఇళ్లలో వెలిగే ప్రతి దీపానికీ కరెంటు ఏదో ఒకచోట తీగ నుంచి తీగకు తాకకుండానే దాటి వస్తోంది, అదీ నూటికి 98 పాళ్ల దాకా దక్షతతో. తీగ తగలకుండా కరెంటు పంపడం, ఆ లెక్కన, చాలా పాత సంగతి, పూర్తిగా పరిష్కారమైన సంగతి. ట్రాన్స్‌ఫార్మర్‌లో అయస్కాంత క్షేత్రాన్ని ఇనుప రేకుల దిమ్మ దారి తప్పకుండా ఒక చుట్ట నుంచి మరో చుట్టకు నడిపిస్తుంది. ఆ ఇనుమును తీసేసి మధ్యలో గాలిని పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

గాలిలో చుట్ట నుంచి బయల్దేరిన క్షేత్రం నలుదిక్కులా విచ్చుకుని, తిరిగి అదే చుట్టలోకి వచ్చేస్తుంది. అందులో రెండో చుట్ట గుండా పోయే భాగాన్ని కప్లింగ్ అంటారు. రెండు చుట్టలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు అది గణనీయంగా ఉంటుంది. వెడల్పుకు మించి దూరం జరిగాక దూరం ఘనం చొప్పున పడిపోతుంది. చేరే శక్తి కప్లింగ్ వర్గం మీద ఆధారపడుతుంది కనుక బలహీనమైన జతలో దూరాన్ని రెట్టింపు చేస్తే అందే శక్తి 64వ వంతుకు దిగుతుంది. దీపపు వెలుగు దూరం వర్గం చొప్పున తగ్గుతుందని బడిలో నేర్చుకున్నవాళ్లకు ఈ పతనం ఎంత నిటారుగా ఉందో అర్థమవుతుంది. ‘ఎన్ని సెంటీమీటర్ల దూరం పంపారు?’ అని ఒక ప్రయోగాన్ని అడగడం సగం ప్రశ్నే. 5 సెంటీమీటర్ల చుట్టతో 5 సెంటీమీటర్లు పంపడమూ, మీటరు వెడల్పు చుట్టతో మీటరు పంపడమూ కప్లింగ్ లెక్కలో దాదాపు ఒకటే. దూరాన్ని చుట్ట వెడల్పుతో భాగించి చెప్పని ఏ ఫలితాన్నీ మరొక దానితో పోల్చడానికి వీల్లేదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం అనునాదం. రెండు చుట్టలకూ కెపాసిటర్లు కట్టి ఒకే పౌనఃపున్యానికి సరిచేస్తే దూరం సమస్య తీరిపోతుందని చాలామంది నమ్మకం. ఇందులో నిజం చాలానే ఉంది. శ్రుతి కలిపిన రెండు తంబురాల్లో ఒకదాన్ని మీటితే రెండోది కూడా సన్నగా కంపిస్తుంది. అయితే ఆ రెండో తంబురా తీగ మీద గుడ్డ వేసి ఉంచితే శ్రుతి ఎంత చక్కగా కలిసినా ఫలితం ఉండదు. అందిన కొద్దిపాటి కదలికను పోగొట్టుకోకుండా కూడబెట్టుకోగలగాలి. చుట్టకు ఆ నిలుపుదల శక్తిని కొలిచే అంకెను క్యూ అంటారు. తీగ నిరోధం తక్కువైతే క్యూ ఎక్కువ. చక్కగా శ్రుతి కలిపిన జతలో సాధ్యమయ్యే గరిష్ఠ దక్షతను నిర్ణయించేది కప్లింగ్, క్యూల లబ్ధం. ఆ లబ్ధం 1 అయితే దక్షత 17 శాతం దాటదు. 10 అయితే 82 శాతం దాకా, 100 అయితే 98 శాతం దాకా పోవచ్చు. ఈ రంగంలో ఎవరి ప్రకటననైనా తూచగల రాయి ఇదేనని నా అభిప్రాయం. అనునాదం దూరపు నియమాన్ని రద్దు చేయదు. కప్లింగ్ పడిపోతుంటే క్యూతో ఆ లోటు పూడ్చుకునే అవకాశం ఇస్తుంది, అంతే. ఆ క్యూ కూడా సులువుగా దొరకదు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కరెంటు రాగి లోపలికి పోకుండా పైపొరలోనే పారుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ పొర మందం 9 మిల్లీమీటర్లకు పైగా ఉంటే, 100 కిలోహెర్ట్జ్ దగ్గర 0.2 మిల్లీమీటర్లు, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 0.02 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే ఫోన్ ఛార్జర్లలో, కార్ల ఛార్జర్లలో చాలాచోట్ల విడివిడిగా ఎనామెల్ పూసిన సన్నని పోగులెన్నో పేనిన లిట్జ్ తీగ వాడతారు. మోటారు వైండింగ్ షాపులో దొరికే ఒంటిపోగు తీగతో ప్రయోగం మొదలుపెట్టొచ్చు గానీ, దాని ఫలితం చూసి ఈ విద్య హద్దు ఇంతేనని తీర్పు చెప్పకూడదు.

అనునాదానికి అనుకూలంగా అందరూ చూపే సాక్ష్యం 2007లో అమెరికాలోని ఎంఐటీలో మారిన్ సొల్యాచిచ్ బృందం చేసిన ప్రయోగం. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న రెండు రాగి చుట్టల మధ్య, సుమారు 10 మెగాహెర్ట్జ్ దగ్గర, 2 మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బును వెలిగించారు. చుట్ట నుంచి చుట్టకు దక్షత సుమారు 40 శాతం. ప్రపంచమంతటా పత్రికల్లో వచ్చింది ఆ బల్బు బొమ్మే. కానీ ఆ పరిశోధన పత్రాన్ని శ్రద్ధగా చదివితే బల్బు కంటే విలువైన సంగతులు రెండు దొరుకుతాయి. చుట్టల క్యూ లెక్క ప్రకారం 2500 ఉండాలి, కొలిస్తే 950 వచ్చింది. కరెంటు పారే పొర అంత పలుచనైనప్పుడు రాగి మీద పట్టే ఆక్సైడ్ పూత కూడా అడ్డే అవుతుందని ఆ పరిశోధకులు వివరించారు. ఇక చుట్టల వరకు 40 శాతమైనా, గోడ ప్లగ్గు నుంచి బల్బు దాకా చూస్తే సుమారు 400 వాట్లు తీసుకుని 60 వాట్లు ఇచ్చింది. అంటే 15 శాతం. దీన్ని వాళ్లు దాచలేదు, తామే రాశారు. ఆ నిజాయితీ వల్లే ఆ ప్రయోగం గొప్పది. క్యూ 950 చొప్పున ఉన్న రెండు చుట్టలు 40 శాతం ఇచ్చాయంటే, పై సూత్రం ప్రకారం కప్లింగ్ వెయ్యింట రెండు పాళ్ల చిల్లర మాత్రమే. అంత బలహీనమైన జత నుంచి అంత రాబట్టడం అసలైన విజయం. ఆ విజయానికి చుట్టలు ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల వెడల్పు ఉండాల్సి వచ్చిందన్నది దాని హద్దు. అరచేతిలో పట్టే ఫోను లోపల అంత చుట్టకు చోటెక్కడిది?

ఇక్కడ నికోలా టెస్లా పేరు ఎత్తకుండా ఈ చర్చ ముందుకు సాగదు. ప్రపంచమంతటికీ తీగల్లేకుండా కరెంటు పంపే మార్గం ఆయన కనిపెట్టాడనీ, మీటరు పెట్టి అమ్ముకోవడం కుదరదని ధనికులు దాన్ని తొక్కేశారనీ ఒక కథ యూట్యూబ్ వీడియోల నిండా ప్రచారంలో ఉంది. టెస్లా మీద గౌరవం ఉన్నవాళ్లే ఈ కథను మొదట ప్రశ్నించాలి. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఆయన చేసిన ప్రయోగాలు, తర్వాత లాంగ్ ఐలాండ్‌లో 1901లో మొదలైన వార్డెన్‌క్లిఫ్ గోపురం, అది 1917లో కూల్చివేత పాలవడం, జె.పి. మోర్గాన్ మరింత డబ్బు ఇవ్వకపోవడం అన్నీ చరిత్రే. కానీ అక్కడ ఆయన తలపెట్టింది పక్కపక్కన ఉన్న చుట్టల జత కాదు. భూగోళాన్నే వాహకంగా చేసి ఊపాలన్నది ఆ పథకం. అలా పంపిన శక్తి దూరాన ఉన్న వాడకందారుకు తగిన దక్షతతో చేరిందని చూపే కొలతలేవీ లేవు. ఎంత దూరాన ఎన్ని వాట్లు అందాయో తేలనంతవరకు డబ్బు ఆగడాన్ని కుట్రకు రుజువుగా తీసుకోలేం. శ్రుతి కలిపిన వలయాల గురించి ఆయనకున్న లోచూపు మాత్రం నిజమైనది. 1891లో ఆయన చూపిన అధిక పౌనఃపున్య చుట్టలు ఈనాటి ప్రయోగాలకు తాతల వరసే. టెస్లాకు ఇవ్వాల్సిన గౌరవం అక్కడ ఇస్తే చాలు.

మరి ఈ విద్య ఎక్కడ నెగ్గింది? కోక్లియర్ ఇంప్లాంట్ దగ్గర నెగ్గింది. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు చెవి వెనక చర్మం కింద అమర్చే ఈ పరికరానికి, బయట అయస్కాంతంతో అతుక్కునే చుట్ట నుంచి లోపలి చుట్టకు శక్తీ, ధ్వని సమాచారమూ రెండూ తీగ లేకుండానే వెళ్తాయి. మధ్యలో ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల చర్మం మాత్రమే, అంటే చుట్ట వెడల్పులో చిన్న భాగం. చర్మాన్ని చీల్చుకుని తీగ బయటికి వస్తే ఆ గాయం ఎప్పటికీ మానదు, చీము పట్టే ముప్పు పోదు. అందుకే ఇక్కడ ఎంత శాతం వృథా అన్న ప్రశ్న వెనక్కి పోతుంది. ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు జరిగిన తెలుగు పిల్లలు మాట వింటున్నారంటే ప్రతి క్షణం ఒక చుట్ట మరో చుట్టకు శక్తినిస్తున్నట్టే. మరో ఉదాహరణ హైదరాబాద్ మెట్రో గేట్ల దగ్గర రోజూ కనిపిస్తుంది. స్మార్ట్ కార్డులో బ్యాటరీ ఉండదు. గేటులోని చుట్ట 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పుట్టించే క్షేత్రం నుంచే కార్డు అంచుల వెంట ఉన్న పలుచని చుట్ట శక్తి తీసుకుని, చిప్పును మేల్కొలిపి, జవాబు పంపుతుంది. దానికి కావలసింది మిల్లీవాట్లే. దక్షత చాలా తక్కువైనా ఎవరికీ నష్టం లేదు. బ్యాటరీ లేకపోవడం వల్ల కార్డు చవకగా, పలుచగా, ఏళ్ల తరబడి పనిచేస్తుందన్న లాభం ముందు ఆ నష్టం లెక్కలోకి రాదు. నీళ్లలో తడిసే ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌దీ అదే కథ.

ఫోన్ల సంగతి అంత తేలిక కాదు. వైర్‌లెస్ పవర్ కన్సార్షియం 2010లో తెచ్చిన చీ ప్రమాణం 5 వాట్లతో, 100 నుంచి 200 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో మొదలైంది. 2023 నాటి 15 వాట్ల చీ-2లో అయస్కాంతాలు చేర్చారు. ఆ అయస్కాంతాలు ఎందుకొచ్చాయో ఆలోచిస్తే నా వాదనే బలపడుతుంది. ఫోను కాస్త పక్కకు జరిగినా కప్లింగ్ పడిపోయి, నష్టం వేడిగా మారి, బ్యాటరీ ఆయువును తినేస్తోంది. తీగ నుంచి విముక్తి ఇస్తామన్న పరికరం చివరికి ఫోనును ఒకేచోట బిగించి పట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఇది దుబారా అంటూ కొట్టిపారేయడం కూడా తప్పే. 5000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ గంటలు. తీగతో నింపితే 22, తీగ లేకుండా నింపితే 30 ఖర్చవుతాయనుకుందాం. తేడా రోజుకు 8 వాట్ గంటల చొప్పున ఏడాదికి దాదాపు 3 యూనిట్లు. ఒక ఇంటి బిల్లులో అది కనపడదు. ఒక ఇంటికి కనపడనిది కోట్ల ఫోన్లకు కనపడుతుందని ఎవరైనా అంటే ఆ మాట సరైనదే. కానీ ఆ లెక్కకు ఫ్యాన్లూ, ఫ్రిజ్‌లూ, ఏసీల దగ్గర ఇంకా పెద్ద జవాబులు ఉన్నాయి. ఫోను విషయంలో నాకు ఆందోళన కలిగించేది కరెంటు కన్నా వేడి.

వాహనాల దగ్గర అదే శాతం వేరే అర్థం తెచ్చుకుంటుంది. రోజుకు 200 యూనిట్లు తాగే బస్సుకు పది శాతం అదనపు నష్టమంటే 20 యూనిట్లు, అదీ ప్రతి బస్సుకూ, ప్రతి రోజూ. ఆలోచన పాతదే. 1894లోనే మోరిస్ హ్యూటిన్, మోరిస్ లబ్లాంక్ అన్న ఫ్రెంచి ఇంజనీర్లు పట్టాల బండికి ప్రేరణ ద్వారా శక్తి పంపే పద్ధతి మీద అమెరికా పేటెంట్ తీసుకున్నారు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బాయిస్, గ్రాంట్ కోవిక్ దశాబ్దాల కృషితో దీన్ని పరిశ్రమల్లో నమ్మకంగా వాడదగ్గదిగా మలిచారు. ఈనాడు నిలిపి ఉంచిన కారును కింది నుంచి ఛార్జ్ చేయడానికి ఎస్ఏఈ జె2954 అనే ప్రమాణం ఉంది. 85 కిలోహెర్ట్జ్, 11 కిలోవాట్ల దాకా. మంచి పరిస్థితుల్లో గోడ నుంచి బ్యాటరీ దాకా 90 శాతం దాటుతున్నారు. ‘తీగతో దాదాపు సమానమైందిగా, ఇంకా అనుమానమెందుకు?’ అని అడిగేవాళ్లున్నారు. ఆ అంకెను నేను కాదనను. అది ఎలా వచ్చిందో మాత్రం చూడాలి. నేల మీద చుట్ట పొదిగిన బల్ల, కారు అడుగున అలాంటిదే మరో బల్ల, మధ్య జానెడు ఖాళీ, సరిగ్గా ఎదురెదురుగా నిలిపిన బండి: అంటే మళ్లీ చుట్ట వెడల్పు కంటే తక్కువ దూరం. ఈ విజయం పాత నియమానికి లోబడి వచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్న డ్రైవరుకు, వానలో బరువైన కేబుల్ ఎత్తలేని వృద్ధులకు ఇది నిజమైన వరం. ఆ కారణం చాలు దీన్ని సమర్థించడానికి.

నడుస్తున్న బండికి రోడ్డు కింది నుంచే కరెంటు ఇవ్వడం ఇంకా సాహసమైన ఊహ. దక్షిణ కొరియాలో కైస్ట్ సంస్థ 2013లో గూమి నగరంలో 24 కిలోమీటర్ల మార్గంలో ఇలాంటి బస్సులు నడిపింది. రోడ్డుకూ బస్సుకూ మధ్య 17 సెంటీమీటర్లు ఉండగా 85 శాతం దాకా దక్షత సాధించామని చెప్పింది. అమెరికాలోని డెట్రాయిట్‌లో 2023 నవంబరులో పావు మైలు వీధిని ఇలా సిద్ధం చేశారు. సమర్థకుల వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. దారిలోనే ఛార్జ్ అయితే బండి మోసే బ్యాటరీ చిన్నదవుతుంది, దానికి కావలసిన లిథియం, కోబాల్ట్ తగ్గుతాయి, బరువు తగ్గి ఖర్చూ తగ్గుతుంది. ఒకే దారిలో రోజంతా తిరిగే సిటీ బస్సులకు ఇది కలిసిరావచ్చు. కానీ లెక్కలో రోడ్డు తవ్వకం, ప్రతి కొద్ది మీటర్లకూ ఒక ఇన్వర్టర్, వానాకాలం గుంతలు, నీళ్ల పైపు కోసం మళ్లీ తవ్వే మునిసిపల్ గునపం కూడా చేరాలి. హైదరాబాద్‌లో 2019 నుంచి తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులు డిపోల్లో కేబుల్‌తోనే ఛార్జ్ అవుతున్నాయి. రాత్రంతా నిలబడి ఉండే బస్సుకు ప్లగ్గు పెట్టడం కష్టమేమీ కాదు. టెర్మినల్‌లో పది నిమిషాలు ఆగే చోట కింది బల్ల పెట్టడం వరకు ఆలోచించదగ్గదే. మైళ్ల కొద్దీ రోడ్డును చుట్టలతో నింపడానికి మాత్రం ఇప్పటివరకు కనిపించిన సాక్ష్యం చాలదు.

ఆరోగ్యం గురించిన భయానికి కూడా జవాబు కావాలి. ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం 2010లో, ఫోన్లు, కార్లు ఛార్జయ్యే పౌనఃపున్యాల్లో సాధారణ ప్రజలకు 27 మైక్రోటెస్లాల పరిమితి సూచించింది. చుట్టల నడుమ ఉన్న ఖాళీలో క్షేత్రం దీన్ని ఎన్నో రెట్లు దాటగలదు, బయట మాత్రం దూరంతో పాటే చకచకా పడిపోతుంది. పైన ఆశను కుంగదీసిన ఘనపు నియమమే ఇక్కడ కాపాడుతోంది. ఎక్కువ జాగ్రత్త కావలసింది లోహంతో. మన వంటింటి ఇండక్షన్ పొయ్యి కూడా ఒక చుట్టే; దాని మీద ఉన్న ఇనుప గిన్నెలో పుట్టే సుడి కరెంటులే గిన్నెను కాలుస్తాయి. కారు కింద పడిన నాణేనికీ, ఫోను వెనక ఇరుక్కున్న సిల్వర్ కాగితానికీ పట్టేది అదే గతి. పరాయి లోహాన్ని పసిగట్టి ఆగిపోయే ఏర్పాటు లేని ఛార్జర్‌ను వాడకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో చేసిన ప్రయోగాలకు దూరంగా ఉండాలి.

ఇక ప్రయోగం చేసే పిల్లలకూ, వాళ్ల మాస్టార్లకూ చెప్పవలసింది ఒకటుంది. ఎల్ఈడీని పక్కన పెట్టి కొలవండి. మామూలు మల్టీమీటరు ఏసీ వైపు 100 కిలోహెర్ట్జ్ దగ్గర అబద్ధం చెబుతుంది. అందుకని రెండో చుట్టకు డయోడ్లు, కెపాసిటర్ కట్టి డీసీగా మార్చి, తెలిసిన విలువ గల రెసిస్టర్ మీద వోల్టేజి చూడాలి. ఆ వోల్టేజి వర్గాన్ని రెసిస్టర్ విలువతో భాగిస్తే అందిన వాట్లు వస్తాయి. ఇంట్లో దొరికే 1ఎన్4007 డయోడ్ ఈ వేగానికి తట్టుకోలేదు. 1ఎన్5819 లాంటి షాట్కీ డయోడ్ వాడితే కొలత నమ్మదగ్గది అవుతుంది. బ్యాటరీ వైపు వోల్టేజినీ, కరెంటునూ గుణిస్తే ఇచ్చిన వాట్లు. దూరాన్ని చుట్ట వెడల్పుతో భాగించి, పక్కన దక్షత రాసి, గ్రాఫ్ గీయాలి. కెపాసిటర్‌తో శ్రుతి కలిపిన జతలో అప్పుడొక వింత బయటపడుతుంది: చుట్టలను మరీ దగ్గరికి తెస్తే అందే శక్తి పెరగకుండా తగ్గుతుంది. కప్లింగ్ మరీ ఎక్కువైనప్పుడు జత మొత్తానికి ఒకే శ్రుతి ఉండదు, అది రెండుగా చీలి పాత పౌనఃపున్యానికి అటూ ఇటూ జరిగిపోతుంది. డ్రైవర్ సర్క్యూట్ మాత్రం పాత పౌనఃపున్యం దగ్గరే మోగుతూ ఉంటుంది. పౌనఃపున్యాన్ని కాస్త మార్చి చూస్తే పోయిన శక్తి తిరిగి వస్తుంది, ఆ మార్పు ఎంతో చూస్తే కప్లింగ్ విలువ కూడా దొరుకుతుంది.